మొదటి మూకీ

మునిశేఖర్ మాటల్లేని సినిమాలు తీస్తాడు. పుట్టుమూగ, చెవిటి అయిన భార్య భువనే అన్నిట్లోనూ నాయిక. పోయిన నెల ఆమె మిద్దె మీద నుంచి పడి చనిపోయింది. ఆమె జ్ఞాపకార్థం తిరుపతిలోని ఒక బధిరుల బడిలో సినిమా వేశాడు.

తెర మీద భువన ఏడుస్తూ చేతులు తిప్పింది. పిల్లలంతా తెరను వదిలి మునిశేఖర్ వైపు తిరిగారు.

"సూస్తిరా సార్? నేనేమీ నేర్పలేదు. అంతా ఆమె సొంత నటనే," అన్నాడతను పక్కనున్న హెడ్మాస్టరుతో.

"ఆమె సైగలు నీకు తెలుసా అప్పా?" అడిగాడు హెడ్మాస్టరు.

"నాకెందుకు సార్ అవి?"

"'మా ఆయన నన్ను చంపేస్తాడు, ఎవరన్నా రాండి' అంటా ఉండాది."

అది మునిశేఖర్ మొదటి సినిమా. ఎనిమిదేళ్ళుగా చిత్తూరులో, రేణిగుంటలో, వేసిన ప్రతిచోటా జనం ఆ ఏడుపుకే చప్పట్లు కొట్టారు.