వంద క్యాండిల్ బల్బు

కిటికీకి కట్టిన దుప్పటి కదిలింది.

హరిత పసిపిల్లను గుండెకు అదుముకుంది.

చువ్వల అవతల మళ్లీ అదే మనిషి. నిన్నటి గళ్ల లుంగీ, మాసిన గడ్డం.

"అమ్మా, బిడ్డ పుట్టి ఎన్నొద్దులాయె?"

ఇంట్లో పసిబిడ్డ ఉందని వీడికెలా తెలిసింది? దండెం మీద ఆరేసిన గుడ్డపేలికలు చూశాడా? నిన్నంతా చూస్తూనే ఉన్నాడా?

వారం రోజులుగా అందరి ఫోన్లలో ఒకటే మాట. పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు దిగారట. ముందు ఒకడు వచ్చి ఇల్లు చూసి పోతాడట.

"అత్తమ్మా!" అని పిలిచింది.

ఉప్పలమ్మ పొయ్యి దగ్గరి నుంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"ఎవడివిరా నువ్వు? బాలింత అర్రలకు తొంగి సూస్తున్నవ్!"

"జర గా బల్బు తీసేయుండ్రి అవ్వా. గీ తెల్లది పెట్టుండ్రి." అతను సంచిలోంచి కొత్త ఎల్‌ఈడీ బల్బు తీసి చువ్వల మధ్య నుంచి చాచాడు. "పైసలొద్దు."

"ఊకె ఇచ్చేటోన్ని ఇయ్యాల్నే సూస్తున్న! గిది వంద క్యాండిల్‌ది. పసిగుడ్డుకు కాక గావాలె. నీ తెల్లదాని మీద చెయ్యి వెట్టినా కాలది."

"నిజమే అవ్వా, దాన్ల కాక లేదు. గానీ..." అతను ఏదో చెప్పబోయి మింగాడు. "ఒక్కపారి బిడ్డను బైటికి తెండ్రి. ఎండల నేను జూస్త."

పురుటి స్నానం కూడా కాని బిడ్డను ఎవరూ గడప దాటించరు. ఆ సంగతి తెలియనివాడు ఆ చుట్టుపక్కల ఉండడు.

ఉప్పలమ్మ కేక పెట్టింది.

ముందు గదిలో మగ్గం చప్పుడు ఆగింది. హరిత భర్త శ్రీశైలం బయటికి ఉరికాడు. అతని వెనకే చుట్టుపక్కల మగవాళ్లంతా వచ్చారు. ఆ వరుస ఇళ్లన్నీ కిరాయివే. ఏడాది తిరిగేసరికి సగంమంది మారిపోతారు, ఒకరి పేరు ఒకరికి సరిగ్గా తెలియదు. ఆ మధ్యాహ్నం మాత్రం అందరూ ఒక్కటయ్యారు.

హరితకు ఏమీ కనిపించలేదు. చప్పుళ్లు వినిపించాయి.

"ఫొటో దియ్యి, ఫొటో దియ్యి! గ్రూపుల పెట్టు!"

"మగ్గం కాడ తెల్ల బల్బెందుకు పెట్టుకున్నవ్ తమ్మీ?" దెబ్బల మధ్య అతను అరుస్తున్నాడు. "గదొక్కటి జెప్పు!"

"పిల్లల నెత్కపోను వచ్చి బల్బుల ముచ్చటేందిరా నీకు?"

ఎవరో నవ్వారు. అతన్ని తరుముతూ ఆ నవ్వు, ఆ అరుపు రోడ్డు దాకా పోయి ఆగిపోయాయి.

హరిత తలుపుకు గొళ్లెం పెట్టి, దానికే వీపు ఆనించి కూర్చుంది. బిడ్డ పుట్టిన ఈ అయిదు రోజుల్లో మొదటిసారి నిండుగా ఊపిరి తీసుకుంది. బల్బు వెలుగులో బిడ్డ తెల్లగా, మెత్తగా, కొత్త నూలు చుట్టలా ఉంది. ఇంత గొడవలోనూ కళ్లు తెరవలేదు. పొద్దుటి నుంచి పాలకూ లేవలేదు.

"బంగారం అసొంటి పిల్ల. ఏడ్వది, సతాయించది" అంది ఉప్పలమ్మ.

మగ్గం దగ్గర తెల్ల బల్బు ఎందుకు పెట్టారు?

ఆ మాట హరితను వదల్లేదు. జవాబు ఇంట్లో అందరికీ తెలుసు. ఆరు నెలల కింద శ్రీశైలం ఈ పాత బల్బు వెలుగులోనే తెల్ల నూలు కండెలనుకుని నిమ్మపండు రంగు కండెలతో జానెడు చీర నేశాడు. ఎండలో చూసుకుని తల పట్టుకున్నాడు. ఈ పసుపు వెలుగులో లేత పసుపూ తెలుపూ ఒక్కలాగే ఉంటాయి. అందుకే దీన్ని మగ్గం దగ్గరి నుంచి తీసేశారు.

నూలుకు పనికిరాదన్న దాన్నే, కాక కోసమని బిడ్డ నెత్తిన వేలాడదీశారు.

ఇన్ని రోజులూ హరిత కళ్లు తలుపునే కాపలా కాశాయి.

బిడ్డను ఎత్తుకుని మగ్గం గదిలోకి పరుగెత్తింది.

"ఓ పిల్లా, గాలి తాకుతది!"

తెల్ల బల్బు కింద చుట్టిన గుడ్డ విప్పింది.

ముఖం పసుపు. పొట్ట పసుపు. అరికాళ్లు పసుపు. రెప్ప ఎత్తి చూస్తే కంటి తెలుపు కూడా పసుపే.

"ఏమయ్యో! ఆటో పిల్వు!"

నల్లగొండ దవాఖానలో బిడ్డను నీలం లైట్ల కింద పడుకోబెట్టారు. మూడో రోజుకు గట్టిగా ఏడ్చింది. "కామెర్లు బాగా ముదిరాయి. ఇంకొక్క రోజైతే మెదడుకు ఎక్కేవి" అంది డాక్టరమ్మ. "ఎవరు గుర్తుపట్టారు?"

శ్రీశైలం తల వంచుకున్నాడు. రెండు రోజులుగా ఆ మనిషి కోసం బస్టాండ్లన్నీ వెతికి వచ్చాడు. ఫొటో తన ఫోన్లోంచి తీసేశాడు. అది అప్పటికే ఎన్ని ఊళ్లు దాటిందో, ఏ ఊళ్లో ఎవరు రాళ్లు పట్టుకుని కూర్చున్నారో ఎవరూ చెప్పలేరు. వార్డులో ఎవరి ఫోన్ మోగినా హరిత ఉలిక్కిపడుతోంది. ఆ మనిషి మళ్లీ వస్తాడని మొన్న భయపడింది. ఇక ఎప్పటికీ రాలేడేమోనని ఇప్పుడు భయపడుతోంది.

సాయంత్రం ఇంటి ఓనరు బీరమ్మ పండ్లు పట్టుకుని వచ్చింది. ఆమె నల్లగొండలోనే ఉంటుంది.

"మనింటి కాడ దొంగ దొరికిండట గదా! మా చుట్టాల గ్రూపుల గూడ వచ్చింది. నేనింక సక్కగ సూడనేలేదు."

ఫోన్ తీసి, ఫొటోను వేళ్లతో పెద్దది చేసింది. వేళ్లు అక్కడే ఆగిపోయాయి.

"గీయన ఎల్లేశం గదనే..."

"ఎవరు పెద్దమ్మా?"

బీరమ్మ ఫోన్‌ను ఒళ్లో బోర్లా పెట్టింది.

"మీకంటె ముందు గా ఇంట్ల కిరాయికుండె బిడ్డా. ఆయన పిల్ల గూడ గా అర్రలనే, గసొంటి బల్బు కిందనే, పుట్టిన ఆరోనాడు, నిద్రల్నే పోయింది."