సినిమా చూడడు, సమీక్ష చదువుతాడు

“కుర్చీలకు పాలిష్ కూడా ఇప్పుడు ఇంగ్లిషులోనే వేస్తున్నారా?”

కుట్టుమిషన్ ఆపి అడిగింది దర్జీ. ఆమె మొగుడు తలెత్తలేదు. కిటికీ పక్కన కూర్చుని, పాత పేపర్లోంచి కత్తిరించిన సినిమా సమీక్ష మీద వేలు పెట్టి కూడబలుక్కుంటున్నాడు. ఓనర్. చెయిన్. ఎస్కేప్. ఆయన పనిచేసేది కుర్చీలూ బల్లలూ బాగుచేసే షాపులో. అక్కడ ఇంగ్లిషుతో పనేమిటో ఎంత ఆలోచించినా ఆమెకు తట్టలేదు.

“మిమ్మల్నే!”

“టీచరుగారు ఇచ్చారు. ఇవి చదివితే మాటలు త్వరగా వస్తాయట.”

“ఏం సినిమా?”

“పాతకాలం కథ. మనుషుల్ని ఓడల్లో పట్టుకెళ్లి సంతలో అమ్మేవాళ్లు చూడు, అదీ.”

“పోయిన వారం కూడా బానిసల సినిమానే అన్నారు?”

“అది వేరే సినిమా.”

టీచరుగారట, టీచరుగారు! ఆ మాట వింటేనే దర్జీకి ఒళ్లు మండిపోతుంది. మందుల షాపు మేడమీద గదిలో ఉంటుంది ఆ కళ్లజోడు ఆవిడ. ఆదివారం వస్తే చాలు, ఈయనగారు తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని బయల్దేరతాడు. దర్జీ ఒకసారి మాత్రల వంకతో వెళ్లి చూసొచ్చింది. ఆవిడ అందగత్తేమీ కాదు. అదే ఇంకా కడుపుమంట. అందగత్తె అయితే అందం చూసి పడ్డాడని సరిపెట్టుకునేది.

అసలీ అనుమానం ఇవాళ్టిది కాదు. చేపల పడవ మీద పనికని వెళ్లి రెండేళ్లు ఫోను లేదు, కబురు లేదు. తిరిగొచ్చాక ఎక్కడున్నారని అడిగితే “పడవ మీదే” అంటాడు, అంతకుమించి నోరు విప్పడు. మనిషి మారిపోయాడు. తలుపు గడియ వేస్తే నిద్రపోడు. ఎంత ఉక్కపోసినా ఆమె ముందు చొక్కా విప్పడు. అన్నం తింటూ “ఇంకాస్త పెట్టుకోనా?” అని అడుగుతాడు. తన ఇంట్లో, తన కంచం ముందు కూర్చుని!

“తప్పు చేసినవాడికే వస్తుందే అంత వినయం,” అంది అక్క, కుట్టడానికిచ్చిన గౌను తీసుకెళ్దామని వచ్చి. “ఆ రెండేళ్లూ ఎవత్తె కొంపలోనో ఉన్నాడు. గడియ ఎందుకు వేయనివ్వడనుకున్నావ్? ఎప్పుడైనా చప్పుడు కాకుండా జారుకోవడానికి.”

“మరి చొక్కా?”

“దాని పేరు పచ్చబొట్టు పొడిపించుకుని ఉంటాడు. ఇవన్నీ విడమరిచి చెప్పాలా నీకు?”

“ప్రేమ సినిమాలు ఇవ్వకుండా ఈ బానిసల సినిమాలేమిటే అక్కా?”

“నీకు అనుమానం రాకుండా!”

అక్క దగ్గర అన్నిటికీ జవాబుంది. దర్జీకి ఆ పూట అన్నం సహించలేదు.

ఆ వారమే అలాంటి సినిమా ఒకటి ఊళ్లోకి వచ్చింది. చూద్దాం ఏమంటాడో అని రెండు టిక్కెట్లు కొనేసింది. తెరమీద ఓడ కనబడిందో లేదో, ఆయన లేచి బయటికి వెళ్లిపోయాడు. ఆమె వెనకాలే వెళ్లేసరికి మెట్ల మీద కూర్చుని చెమట తుడుచుకుంటున్నాడు.

“సమీక్షలైతే నమిలి మింగుతారు. నా పక్కన కూర్చుని చూడాలంటే ఒంట్లో బాగుండదా?”

“చదవగలను. చూడలేను.”

“ఆవిడ పక్కనైతే చూసేవారే!”

ఆయన తల దించుకుని మెట్లు దిగిపోయాడు. తప్పు లేనివాడైతే ఈపాటికి నన్ను తిట్టిపోయడూ, అనుకుంది దర్జీ.

గుట్టంతా ఆ కాగితాల్లోనే ఉందని ఆమెకు గట్టిగా అనిపించింది. నిఘంటువు ఒకటి కొని దాచుకుంది. ఆయన షాపుకు వెళ్లగానే, సమీక్షల్లో ఆయన గీత గీసుకున్న మాటలకు అర్థాలు వెతికేది. మిషన్ తొక్కుతూ వల్లెవేసేది. కొనడం, అమ్మడం, సంకెల, వాత, పారిపోవడం. ఒక్క తీపిమాట దొరికినా నిలదీద్దామనుకుంది. దొరకలేదు. దొరక్కపోయేసరికి కుళ్లు ఇంకా పెరిగింది. ఆ ఇద్దరి మధ్యా ఇన్ని మాటలున్నాయి. తనతో ఆయన అనేది “ఇంకాస్త పెట్టుకోనా” ఒక్కటే. గుడ్డ మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

ఆదివారం ఏదో ఒకటి తేల్చుకోవాల్సిందే అనుకుంది. మనిషి తనవాడు కాడని కళ్లారా చూస్తే, పెట్టె సర్దుకుని అక్క ఇంటికి వెళ్లిపోవడమే. ఆయన వెనకాలే బయల్దేరి మందుల షాపు మేడ ఎక్కింది. గది తలుపు తెరిచే ఉంది. లోపల ఆయన గుమ్మానికి వీపు తిప్పి నిలబడి ఉన్నాడు. ఎదురుగా కళ్లజోడు ఆవిడ.

“తెలుగు రాని ఆ జడ్జిగారి ముందు తల దించకండి,” అంటోంది ఆవిడ. “ఇంట్లో చెప్పారా?”

“లేదండీ. నోరు రావట్లేదు.”

“ఎప్పటికైనా ఆమెకు తెలియాల్సిందేగా!”

దర్జీ గుమ్మం పక్కనే ఆగిపోయింది. జడ్జి! అంటే వ్యవహారం విడాకులదాకా వెళ్లిందన్నమాట. తనకు మాటమాత్రమైనా చెప్పకుండా!

“సరే, నేనే జడ్జిని అనుకోండి. మొదలుపెట్టండి.”

ఆయన చొక్కా గుండీలు విప్పసాగాడు. కట్టుకున్నదాని ముందు విప్పని చొక్కా, పరాయి ఆడదాని ముందు! దర్జీ చెప్పు తీసి చేత పట్టుకుంది. గుమ్మంలో అడుగుపెట్టింది.

ఆయన చొక్కా గుండెల మీంచి పక్కకు లాగి, ఆగి ఆగి, ఇంగ్లిషులో ఒకే ఒక్క వాక్యం చెప్పాడు. అందులో ఆమెకు రాని మాట ఒక్కటీ లేదు.

“ఈ వాత పెట్టింది నన్ను కొన్నవాడు.”