తడి చొక్కా బొమ్మ

కాలర్ చిరిగిన చప్పుడుకి వెల్డర్ గిరుక్కున వెనక్కి తిరిగాడు.

"తీగ మీద తడి చొక్కా బొమ్మ... మీరేనా కొన్నది?" ఎవరో ముసలాయన. రొప్పుతూ రెండు చేతులతో కాలర్ పట్టుకుని ఊగుతున్నాడు.

"ముందు చొక్కా వదులు!"

ఫ్రేముల షాపు మెట్ల మీద ఉన్నారిద్దరూ. లోపల షాపామె బొమ్మని కాగితంలో చుడుతోంది.

బొమ్మలు పోగెయ్యాలని వెల్డర్‌కి ఏళ్లనాటి కోరిక. పేరు లేనివాళ్లవి, చిన్నవి, చేతిలో డబ్బు ఆడినప్పుడల్లా ఒకటి. "గోడకి సున్నం లేదు గానీ బొమ్మలట!" అని పెళ్లాం దెప్పినా ఆగలేదు. ఇది మొదటిది.

బావమరిది మాత్రం ఒక మాట చెప్పి పంపాడు.

"ఏం నచ్చిందని ఎవడడిగినా నోరు విప్పకు బావా. వాడు బ్రోకరే. నీకు మోజుందని తెలిస్తే రేటు పెంచి తన్నుకుపోతాడు."

"ఏం నచ్చింది బాబూ అందులో?" అన్నాడు ముసలాయన.

వెల్డర్ దవడ బిగుసుకుంది. "వచ్చావూ? నీకోసమే చూస్తున్నా."

"ఒక్క మాట చెప్పు. ఒక్కటంటే ఒక్కటి!"

వెల్డర్ గుద్దు ముసలాయన ముక్కు మీద పడింది. నెత్తురు గడ్డం మీదుగా కారింది. కాలర్ మాత్రం వదల్లేదు.

"చొక్కానా? దాని చేతి నుంచి జారబోయే ఆ నీటిచుక్కా?"

ఆ చుక్కే. అయినా చెప్తాడా?

రెండో గుద్దుకి పన్ను ఊడి మెట్టు మీద పడింది. ముసలాయన నవ్వుతున్నాడు! లాటరీ తగిలినవాడిలా, నెత్తురు నోటితో.

"వెక్కిరిస్తున్నావా?" మోకాలితో కడుపులో పొడిచాడు వెల్డర్. వేళ్లు ఒక్కొక్కటే వెనక్కి విరిచి కాలర్ విడిపించుకున్నాడు. బలం కొద్దీ తోశాడు.

తల మెట్టు అంచుకి తగిలింది. ఇటుక పగిలినట్టు చప్పుడు.

"లే. నాటకాలాడకు." కాలితో కదిపాడు.

నవ్వు అలాగే ఉంది. రెప్ప పడలేదు.

షాపామె పొట్లంతో బయటికొచ్చింది. కూలబడి, ముసలాయన ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది.

"ఏం చేశావయ్యా!"

"బ్రోకరుగాడు. ఏం నచ్చింది, ఏం నచ్చిందని పీక్కుతిన్నాడు."

"చెప్పావా?"

"ఎందుకు చెప్తా?"

ఆమె పొట్లాన్ని ముసలాయన పక్కన పెట్టింది.

"ఇన్నాళ్లకి బయటి మనిషి కొన్నాడని నేనే వెనక సందులో ఈయన ఇంటికి ఫోన్ చేశా. పరిగెత్తుకొచ్చాడు. మంచం దిగలేని కూతురు వేసిన ప్రతి బొమ్మా, ఎవరో కొన్నారని నాచేత ఆ పిల్లకి చెప్పించి, తనే కొనుక్కుపోయి దాచిన కన్నతండ్రి ఈయన."