ఖాళీ ప్యాకేజీ

లినక్స్ అనే కంప్యూటర్ వ్యవస్థలో ఒక సాఫ్ట్‌వేర్ ప్యాకేజీకి పేరు మారిస్తే, పాత పేరుతో ఒక ఖాళీ ప్యాకేజీని ఉంచడం ఆనవాయితీ. పాత పేరుతో వెతుక్కుంటూ వచ్చినవాళ్లకు అది కొత్తదాన్ని చూపిస్తుంది. ఆ రాత్రి చిట్టి చేస్తున్న పని అదే. అసలు ప్యాకేజీని పదిహేడేళ్లు కంటికి రెప్పలా చూసుకున్న పెద్దాయన నిరుడు పోయారు. దిక్కులేనిదాన్ని చిట్టి నెత్తికెత్తుకుంది. రాత్రి పన్నెండులోగా పంపకపోతే కొత్త విడుదలలోంచి దాన్ని తీసేస్తారు.

"ఇంకా పడుకోలేదా చిట్టీ?" గుమ్మంలోంచి నాన్న అడిగాడు.

"దీని మీద నా పేరు పడుతుంది నాన్నా. ప్రపంచమంతా చూస్తుంది."

"ఇంటిపేరుతో సహానా?"

"సహా."

"అయితే కానీయ్ తల్లీ. కరెంటు బిల్లు గురించి మీ అమ్మకి నేను చెప్పుకుంటాలే."

ఆయన అడుగుల చప్పుడు దూరమైపోయింది. ఫ్యాను ఒక్కటే తిరుగుతోంది.

పంపేముందు అలవాటుగా ఖాళీ ప్యాకేజీని తెరిచి చూసింది. లోపల ఒక ఫైలు ఉంది. తను పెట్టలేదు. తీసేసి, మళ్లీ మొదటినుంచి తయారుచేసింది. మళ్లీ ఉంది.

తెరిచింది. రెండే వరుసలు. మొదటిదాంట్లో పెద్దాయన పేరు, ఆయన ఈ పని మొదలుపెట్టిన తేదీ, చనిపోయిన తేదీ. దాని కిందే చిట్టి పేరు. అంతటివాడి తర్వాత తను. భయంలోనూ ఆమె వెన్ను నిటారుగా నిలబడింది.

తన పేరు పక్కనా రెండు తేదీలున్నాయి. మొదటిది ఈ రోజుదే. రెండోది చదవకముందే ఎడమ అరచేతితో కంప్యూటర్ తెర మీద దాన్ని మూసేసింది. కుడిచేత్తో పంపే మీట నొక్కింది.

అరచేతి కింద తెర మెల్లగా చల్లబడుతోంది.