ముప్పై రెండు పళ్ళు

"ఇది పిండిమర కాదవ్వా! ఎన్నిసార్లు సెప్పాల నీకు?"

మస్తాన్ వలి అరుపుకు వర్క్‌షాపు రేకులు అదిరాయి. జొన్నల మూట చంకన పెట్టుకున్న అవ్వ మాత్రం గడపలోంచి కదల్లేదు.

"బయట బోర్డు మీద మిల్లింగు అని రాసుండాదంట గదప్పా. ఎవురో సదివి సెప్పినారు."

"మిల్లింగంటే పిండి పట్టేది కాదు, ఇనుము కోసేది. మర ఆ సందు తిరిగితే ఉండాది. పో."

మామూలుగా అయితే మస్తాన్ వలి పెద్దవాళ్ళ మీద నోరు పారేసుకునే మనిషి కాదు. కానీ పిండిమర అన్న మాట వింటే చాలు, అతనికి ఒళ్ళు మండుతుంది. ఆదోనిలో మిల్లింగ్ ఆపరేటర్ అంటే పిండిమర వాడనుకునే జనమే ఎక్కువ. ఆ దెబ్బకే రెండు సంబంధాలు చేజారాయి. మొదటివాళ్ళు "ఒంటినిండా పిండి పూసుకొని వచ్చేవానికా పిల్లనిచ్చేది?" అన్నారు. రెండోవాళ్ళు ఇంకా ఘనులు. పెళ్ళికి కావాల్సిన పిండి అంతా ఊరికే పట్టిస్తారనుకొని వచ్చి, సంగతి తెలిశాక ముఖం చాటేశారు. ఇప్పుడు మూడోది, ఎమ్మిగనూరు సంబంధం. పిల్ల పేరు అజీమున్నీసా. తలుపు పరదా పక్కన ఒక్కసారి, ఒక్క క్షణం కనిపించింది. అంతే, వారం నుంచీ అతనికి అన్నం సయించడం లేదు. ఈ పొద్దు జవాబు వస్తుందని మధ్యవర్తి ఇమాం సాబ్ చెప్పాడు. పొద్దున్నించీ మస్తాన్ వలి చూపులు వాకిలి మీదే ఉంటే, వచ్చింది ఈ జొన్నల అవ్వ.

"కాళ్ళు పీకుతాండాయి నాయనా. రోంతసేపు కూసుని పోతా" అంటూ ఆమె లోపలికే వచ్చి నూనె డబ్బా మీద కూర్చుంది.

ఏం చేస్తాడు? మళ్ళీ పనిలో పడ్డాడు. పత్తి మిల్లు వాళ్ళ పళ్ళచక్రం అది, సాయంత్రానికి ఇవ్వాలి. మిషన్ తిరుగుతోంది. ఇనుము కోసే కట్టరు మీద తెల్లటి నీళ్ళు ధారగా పడుతున్నాయి.

"పాలు పోస్తాండావా దానికి?"

"పాలు కాదవ్వా, నూనె కలిపిన నీళ్ళు. ఇనుము కాగకుండా."

"ఆ పిడి ఏందికి తిప్పుతావు?"

"పన్నుకూ పన్నుకూ సమానంగా ఎడం రావాల గదా. ఒక చుట్టు, మళ్ళా పావు చుట్టు. పావు మర్సిపోతే చక్రం మొత్తం గుజిరీకే, పాత ఇనుము కింద అమ్ముకోవాల్సిందే."

అవ్వ డబ్బా ముందుకు జరుపుకుంది. ఆమె చూసే తీరు చూస్తే మస్తాన్ వలికి కోపం కొంచెం దిగింది. తొమ్మిదేళ్ళుగా ఈ మిషన్ మీద పనిచేస్తున్నాడు. ఇంట్లోవాళ్ళు కూడా ఇన్ని ప్రశ్నలు వేయలేదు.

"ఊరికే ఊరికే ఆపుతావేంది?"

"ఇనుప రజను తుడవాల. కట్టరు దగ్గరికి సెయ్యి పోవాలంటే ముందు స్విచ్చి ఆపాల. మా ఉస్తాద్ నేర్పిన మొదటి మాట ఇదే."

"మంచోడు మీ ఉస్తాదు" అని అవ్వ పెదాలు కదిలిస్తూ ఏదో లెక్కపెట్టసాగింది. "...ఏడు, ఎనిమిది, తొమ్మిది." అక్కడ ఆగింది. మళ్ళీ మొదటినుంచీ లెక్కపెట్టింది. మళ్ళీ తొమ్మిది దగ్గరే ఆగింది. ఆమె ముఖం వాడిపోయింది.

మస్తాన్ వలికి నవ్వొచ్చింది. "పద్నాలుగు కోసినానవ్వా."

"ఆ ఎడమ సేతికి గుడ్డ ఏంది నాయనా?" చిటికెన వేలూ పక్క వేలూ కలిపి బిగించి కట్టుకున్నాడతను. రెండూ కలిసి ఒకే ఉండలా ఉన్నాయి.

"నిన్న రజను గీసుకున్యాది. ఏం లేదు."

"విప్పు, సూస్తా."

"వద్దులేవ్వా, పనుండాది."

"విప్పమంటాండానా!"

ఆ గొంతుకు అతను ఉలిక్కిపడ్డాడు. కన్నతల్లి కూడా ఇంత గట్టిగా అడగలేదు. మిషన్ ఆపి గుడ్డ విప్పాడు. చిటికెన వేలి మీద చిన్న గీత, అంతే. అవ్వ రెండు వేళ్ళనూ పట్టుకొని, వంచి, మళ్ళీ చాపి చూసింది. "పది" అని గట్టిగా ఊపిరి వదిలింది.

"పది కాదవ్వా, ముప్పై రెండు వస్తాయి ఈ చక్రానికి."

"నీ పండ్లు నువ్వు లెక్కపెట్టుకోప్పా. నా లెక్క పదే."

పాపం, పదికి మించి లెక్క రాదేమో అనుకున్నాడు మస్తాన్ వలి. అరిచినందుకు సిగ్గేసింది. టీ తెప్పించి ఇచ్చాడు. అవ్వ తృప్తిగా తాగి, చీర దులుపుకొని లేచి వాకిలి దాటింది. మూట డబ్బా పక్కనే ఉండిపోయింది.

"అవ్వా, జొన్నలు మర్సిపోతాండావు!"

"మర్సిపోలేదు నాయనా. ఆ సందులో పట్టిచ్చి ఇంట్లో పెట్టుకో. మిల్లింగంటే ఇనుము కోసేదని నాకంటే ముందు నా మనవరాలికే తెలుసు. 'పది వేళ్ళూ ఉండాయో లేదో సూసి రా అవ్వా, ఉంటే మూట ఆడే పెట్టి రా' అనింది. అజీమున్నీసా రొట్టెలు బాగా కొడతాది!"