కొత్తవారి కుర్చీ

పెద్దాయన కూర్చోగానే కుర్చీకి అడ్డంగా కట్టిన రిబ్బను పుటుక్కున తెగింది.

డ్రిల్లు మాస్టారు దూరం నుంచే ఈల ఊదాడు. ఆ రోజు ఏర్పాట్లన్నీ ఆయనవే.

ఊరంతా ఏడాదికోసారి కలిసి భోంచేసే రోజది. వీధి పొడవునా బల్లలు వేస్తారు. ఎవరి కుర్చీ వాళ్లు ఇంటి నుంచి మోసుకొస్తారు. మొదటి నుంచీ అదే పద్ధతి.

ఒక్క కుర్చీ మాత్రం అందరికంటే ముందు వేసి, ఖాళీగా ఉంచుతారు. చేతులు అరిగిపోయిన పాత చెక్క కుర్చీ. దాని వెనక ‘కొత్తవారి కుర్చీ’ అని అందమైన అక్షరాలతో బోర్డు.

"లేవండి, లేవండి. అది కూర్చునే కుర్చీ కాదు," అన్నాడు మాస్టారు రొప్పుతూ.

పెద్దాయన తికమకపడ్డాడు. పొద్దున్నే బస్సు దిగానని, మన ఊళ్లో పరాయివాళ్లు లేరు, వచ్చి కూర్చోండి అని బస్టాండులో బ్యానరు చూశానని చెప్పాడు.

"రాస్తామండీ. రాశామని కూర్చుంటారా?"

దినపత్రిక వాళ్లు వస్తున్నారు. ఖాళీ కుర్చీ ఫొటోలో పడాలి. ఏటా పడేది అదే. మనిషి కూర్చుంటే ఇక అందులో విశేషం ఏముంది?

ఇంతలో సంఘం అధ్యక్షుడు వచ్చాడు. బజార్లో మందుల షాపు ఆయనది. గొంతు పెంచకుండానే మనిషిని వీధి చివరిదాకా సాగనంపగల మర్యాదస్తుడు.

పెద్దాయన లేచాడు గానీ, కుర్చీ చేతి మీద నుంచి తన చెయ్యి తియ్యలేదు.

"ఈ కుర్చీ తాలూకు అమ్మగారు ఉన్నారా బాబూ? ఒక్కసారి చూసి వెళ్దామని."

అధ్యక్షుడికి విషయం అర్థమైంది. అంటే, అర్థమైందనుకున్నాడు. తన తల్లిది మెత్తటి మనసని తెలిసి సిఫారసు కోసం వచ్చేవాళ్లు వారానికి ఇద్దరైనా ఉంటారు.

"అమ్మకి ఒంట్లో బాగాలేదండీ. ఫొటో టైముకి తీసుకొచ్చి వెంటనే తీసుకెళ్లిపోతాం. ఇవాళ ఎవరితోనూ మాట్లాడించం."

పోనీ, ఆవిడ వచ్చేదాకా ఓ మూల నిలబడే భోంచేస్తానన్నాడు పెద్దాయన. అందరూ కూర్చుని తింటుంటే ఒక మనిషి నిలబడి తినడం ఏం బాగుంటుందని మాస్టారు అడ్డుపడ్డాడు. కలిసి తినే రోజున అలాంటిది ఫొటోలో పడితే ఇంకేమైనా ఉందా?

పెద్దాయన తెగిన రిబ్బను వంక చూశాడు.

"నావల్లే తెగింది," అన్నాడు. చొక్కా కాలరు మడత కింద నుంచి దారం చుట్టిన సూది తీశాడు. మోకాళ్ల మీద కూర్చుని, తనను లేపిన కుర్చీలో మళ్లీ ఎవరూ కూర్చోకుండా ఆ రిబ్బను తనే కుట్టిపెట్టాడు.

మాస్టారు లాగి చూసి కొత్తదానిలా ఉందని మెచ్చుకున్నాడు. అధ్యక్షుడు ఊరుకోబుద్ధి కాక ఒక భోజనం ప్యాకెట్టు కట్టించి ఇచ్చాడు. పెద్దాయన దాన్ని రెండు చేతులా అందుకుని బస్టాండు వైపు వెళ్లిపోయాడు.

మధ్యాహ్నానికి చక్రాల కుర్చీలో అమ్మగారు వచ్చింది. చూపు దాదాపు పోయింది. వచ్చే ఏడాది దాకా ఉంటుందని డాక్టరు కూడా గట్టిగా చెప్పడం లేదు. ఎప్పటిలాగే ఆవిణ్ణి ఖాళీ కుర్చీ పక్కన కూర్చోబెట్టారు.

"వచ్చాడా?" అని కొడుకుని అడిగింది. ఏటా అడిగేదే.

"వస్తాడులే అమ్మా," అన్నాడు. ఏటా చెప్పేదే.

అధ్యక్షుడు మైకు అందుకుని కుర్చీ కథ చెప్పాడు. తను చంటిబిడ్డగా ఉన్నప్పుడు అమ్మ ఈ ఊరికి కొత్తగా వచ్చింది. ఇలాంటి భోజనాల్లోనే, కుర్చీ తెచ్చుకోలేదని బిడ్డను ఎత్తుకున్న మనిషిని అందరూ నిలబెట్టారు. అప్పుడొక మహానుభావుడు లేచి తన కుర్చీ ఇచ్చాడు. తను నిలబడి తిన్నాడు. కుర్చీ తిరిగి తీసుకోలేదు.

అందరూ చప్పట్లు కొట్టారు. రోడ్డు వెడల్పు చేస్తామంటూ ఆ మహానుభావుడి కొట్టును ఊరివాళ్లే కూల్పించారని, ఆయన ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోయాడని అధ్యక్షుడు మైకులో ఎన్నడూ చెప్పలేదు.

చప్పట్ల మధ్య అమ్మగారు అలవాటుగా కుర్చీని తడుముతోంది. రిబ్బను మీద ఆవిడ వేళ్లు ఒకచోట ఆగాయి. వెనక్కి వెళ్లి, మళ్లీ అక్కడికే వచ్చాయి.

"ఇది ఎవరు కుట్టార్రా?"

"ఎవరో పెద్దాయనమ్మా. పొరుగూరు."

"ఎడం చేత్తో కుట్టాడా?"

అధ్యక్షుడు మాస్టారి వైపు చూశాడు. మాస్టారు తలూపాడు.

"కుట్టు అవతలికి వాలి ఉంది. నాకు మిషను నేర్పిన చెయ్యి ఇది. నీ చిన్నప్పటి చొక్కాలన్నీ ఈ చెయ్యి కుట్టినవే." ఆవిడ కొడుకు వైపు తల తిప్పింది. "ఎక్కడున్నాడు?"

మాస్టారు ఈల మెళ్లో ఊగుతుండగా బస్టాండుకి పరుగెత్తాడు. తిరిగి వచ్చేటప్పుడు పరుగెత్తలేదు. చేతిలో విప్పని భోజనం ప్యాకెట్టు ఉంది. బెంచీ మీద దొరికిందన్నాడు. బస్సు అప్పటికే వెళ్లిపోయింది.

ఫొటోగ్రాఫరు అందరినీ నవ్వమన్నాడు.

"ఆయన ఈ కుర్చీలో కూర్చున్నాడా?" అంది అమ్మగారు.

"కూర్చున్నాడమ్మా. ఫొటోకి ఖాళీగా ఉండాలని..." అంటూ అధ్యక్షుడు మైకు కింద పెట్టాడు.

ఆవిడ రిబ్బను మీద నుంచి చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకుంది.

"ఆనాడు నాకోసం తనంతట తనే లేచాడురా. ఇవాళ నువ్వు లేపావు."