చేపకి అలవాటైనవాళ్ళు

ఆ వేలెడంత పగడపు దిబ్బల చేపకి పగలంటే గిట్టదు. ఉప్పునీటి తొట్టెలో తన రాతి బొరియ వదలదు. దీపాలన్నీ ఆర్పాకే గుడ్లు మిటకరిస్తూ బయటికొస్తుంది. అప్పుడైనా కొత్త మనిషి గదిలో అడుగు పెడితే చటుక్కున లోపలికి దూరుతుంది. దాన్ని పెంచుకుంటున్న గడియారాల మెకానిక్‌కి అలవాటు పడడానికే దానికి నెల పట్టింది.

పోయిన నెల గదిలోకి ఎవరూ రాకుండానే నాలుగైదుసార్లు అలా దూరింది. తొట్టెకి గాలి కొట్టే మోటారు చప్పుడుకి బెదిరిందనుకున్నాడాయన. ఈమధ్య మళ్ళీ కుదుటపడింది.

నర్సు ఉద్యోగం చేసే భార్య రాత్రి డ్యూటీకి బయల్దేరుతూ గుమ్మంలో ఆగింది.

"దానికి మేత తగ్గించండి. పొట్ట చూశారా, కుండలా అయింది!"

"నేను వేసేది చిటికెడే. నువ్వు కూడా వేస్తున్నావేమో అనుకున్నా."

"నేనా? ఆ నీచు డబ్బా ముట్టుకుంటానా నేను?"

ఆవిడ వెళ్ళాక ఆయన తలుపు గడియ పెట్టాడు. దీపాలార్పి, ఎర్ర కాగితం చుట్టిన టార్చి వెలిగించుకుని తొట్టె ముందు కూర్చున్నాడు. ఆ వెలుగు చేప కంటికి ఆనదు. నీళ్ళ గుడగుడ తప్ప ఇల్లంతా సద్దుమణిగింది.

చేప బయటికొచ్చింది. రోజూ నేరుగా ఆయన దగ్గరికొచ్చి, అద్దానికి మూతి ఆనించి మేత అడిగేది. ఇవాళ ఆయన వైపు చూడనైనా చూడలేదు. తాపీగా తొట్టె అవతలి కొసకి ఈదుకుంటూ పోయింది. అక్కడ అద్దానికి మూతి ఆనించి, తోకాడిస్తూ, పైకి చూసి నోరు తెరిచింది.

మేత డబ్బా మెకానిక్ ఒళ్ళోనే ఉంది.

టార్చి అటు తిప్పడానికి ఆయనకి చెయ్యి రాలేదు.